రెండు జట్లదీ ఎరుపే: లివర్‌పూల్, యునైటెడ్ మ్యాచ్ చూపించిన బెజవాడ కేఫ్

ముందు ఖర్చు సంగతి చెప్పేస్తాను. మనిషికి 250 రూపాయలు, అందులోనే ఒక ప్లేటు తిండి, రెండు టీలు. బందరు రోడ్డు నుంచి కాలువ వైపు దిగే సందులో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. కింద పది బళ్లు పెడితే సందు నిండిపోతుంది. నేను గుంటూరు నుంచి బస్సులో వచ్చాను, మా బామ్మర్ది పటమట నుంచి బండి మీద వచ్చి దాన్ని ఎక్కడో మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచొచ్చాడు. 2025 అక్టోబర్ 19, ఆదివారం, దీపావళి ముందు రోజు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ జట్ల మ్యాచ్, మన టైము ప్రకారం రాత్రి తొమ్మిదికి. ఎనిమిదింపావుకల్లా రమ్మన్నారు. ఎందుకు అంత ముందు అని విసుక్కుంటూనే వెళ్లాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ ముప్పావుగంట కోసమైనా వెళ్లాల్సిన చోటు అది.

నేను లివర్‌పూల్ మనిషిని. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మనవాళ్లు సగం ఆటకి మూడు గోల్స్ వెనకబడితే, ఇంట్లో అందరూ పడుకున్నా టీవీ కట్టెయ్యకుండా తెల్లవారుజాము దాకా కూర్చున్నాను. అప్పటి నుంచీ అంతే. బామ్మర్ది యునైటెడ్. మా పెళ్లిలోనే ఈ సంగతి తెలిసింది, అప్పటి నుంచి సరదా మాటలే తప్ప పేచీ లేదు. 2023 మార్చి 5న మాత్రం గట్టి పేచీ వచ్చింది. ఆ రాత్రి మా సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మేం ఏడు గోల్స్ కొట్టాం, వాళ్లకి సున్నా. ప్రతి గోల్‌కీ వాడికో మెసేజ్ పెట్టాను. ఏడోదానికి వాడు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఇంగ్లీషు లైను పంపాడు. అది హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల మీద ఎగతాళిగా పాడే పాట. దానర్థం వాడికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి నేను ఊరుకోలేదు, యునైటెడ్ ఆటగాళ్లు చనిపోయిన మ్యూనిక్ విమాన ప్రమాదం మీద అంతకంటే పాడు మాట తిరిగి పంపాను. వాడు దాన్ని వెతికి చదువుకున్నాడు. ఉగాదికి మా ఆవిడ ఫోను చేసి పిలిచేదాకా మా ఇంటి గడప తొక్కలేదు. తప్పులో పెద్ద వాటా నాదే. అందుకే ఈ రివ్యూలో తెర సైజు కంటే, టీ రుచి కంటే ముందు వేరే సంగతి రాస్తున్నాను.

గుమ్మంలోనే ఒక కుర్రాడు నిలబడి "ఎవరి వైపు అన్నా?" అని అడిగి చేతికి దారం కడతాడు. రెండు జట్లదీ ఎర్ర జెర్సీయే కాబట్టి దూరం నుంచి చూస్తే ఎవరెవరో తేలదు. మాకు పసుపు దారం, యునైటెడ్ వాళ్లకి నల్ల దారం. ఎడమ పక్క మేం, కుడి పక్క వాళ్లు, మధ్యలో రెండు వరుసలు ఎవరి పక్కా కాని జనానికి. మేం ఇద్దరం కలిసి కూర్చోవాలంటే ఆ మధ్య వరుసలోనే చోటిచ్చారు. దారం పక్కన పెట్టి చూస్తే రెండు పక్కలా ఒకే రకం కుర్రాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లు ఎక్కువ.

తెరకి ఎదురుగోడ మీద ఒక మ్యాపు ఉంది. ప్రింటు కాదు, గోడ మీదే ఎనామిల్ పెయింటుతో గీసింది. ఎడమ చివర సముద్రం, లివర్‌పూల్ రేవు. కుడి చివర మాంచెస్టర్, పొగగొట్టాలు. మధ్యలో రైలు పట్టాలు నల్లగా, దాని కింద కాలువ నీలంగా. కాలువ గీతలో బ్రష్షు ఒకచోట ఆగి మళ్లీ మొదలైన మచ్చ కూడా కనిపిస్తుంది. ఓనరు (యాభై దాటిన మనిషి, ఏ జట్టో చివరిదాకా చెప్పలేదు) ఒక కర్ర పట్టుకుని ఆ మ్యాపు ముందు నిలబడి ఇరవై నిమిషాలు తెలుగులో మాట్లాడాడు. మైకు లేదు. అయినా హాలంతా విన్నది.

ఆయన చెప్పిన కథ ఇది. పంతొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ బట్టల మిల్లుల ఊరు. దానికి కావలసిన పత్తి ఓడల్లో లివర్‌పూల్‌లో దిగాలి. 1830లో రెండు ఊళ్ల మధ్య రైలు పడింది, ఇద్దరికీ లాభం. రానురానూ మాంచెస్టర్ వ్యాపారులకి కడుపుమంట మొదలైంది. రేవులో సుంకం, పైన రైలు కిరాయి. దేశానికి అవతలి ఒడ్డున ఉన్న హల్ రేవులో దించి తెప్పించుకున్నా ఇంతకంటే చవకే అని మొత్తుకునేవాళ్లట. 1882లో డేనియల్ ఆడమ్సన్ అనే బాయిలర్ల కంపెనీ యజమాని ఊరి పెద్దలని తన ఇంటికి పిలిచి, సముద్రపు ఓడే నేరుగా మన ఊళ్లోకి వచ్చేలా కాలువ తవ్వుదాం అన్నాడు. లివర్‌పూల్ రేవువాళ్లు, రైలు కంపెనీలు పార్లమెంటులో అడ్డం పడ్డారు. రెండు సార్లు బిల్లు పోయింది, మూడోసారి 1885లో పాసయింది. 58 కిలోమీటర్ల కాలువ. 1894 జనవరి 1న తెరిచారు. లివర్‌పూల్ ముందు నుంచే ఓడలు ఆగకుండా పైకి వెళ్లిపోవడం మొదలైంది.

ఇక్కడ ఆయన కర్ర దించి ఒక్క క్షణం ఆగాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 28న బ్లాక్‌బర్న్‌లో ఒక మ్యాచ్ జరిగిందన్నాడు. పై డివిజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు, కింది డివిజన్‌లో మొదట నిలిచిన జట్టు ఆడాలి, గెలిచినవాళ్లకే పై డివిజన్. అడుగున ఉన్నది న్యూటన్ హీత్, రైల్వే పనివాళ్లు పెట్టుకున్న జట్టు. 1902లో పేరు మార్చుకుని మాంచెస్టర్ యునైటెడ్ అయింది. కింద నుంచి వచ్చింది రెండేళ్ల వయసున్న లివర్‌పూల్. రెండు సున్నాతో లివర్‌పూల్ గెలిచి పైకెక్కింది, న్యూటన్ హీత్ కిందికి దిగింది. రెండు జట్లూ తలపడడం అదే మొదటిసారి. కాలువ తెరిచి నాలుగు నెలలు.

ఈ తేదీలు నాకు విడివిడిగా తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎవరూ చెప్పలేదు. ఒళ్లు జలదరించింది.

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. టిక్కీ (మిర్చి బస్తా) లారీ దిగిన దగ్గర్నుంచి హమాలీ కూలి, కాటా కూలి, కమీషన్, మళ్లీ ఎగుమతి కూలి, అన్నీ నా పుస్తకంలోనే పడతాయి. రైతు మా కొట్టు ముందు నిలబడి "ఇన్ని కోతలా?" అని అడిగే ముఖం నాకు తెలుసు. మాంచెస్టర్ మిల్లువాడి కోపం ఆ ముఖంలో చూశాను. అయితే ఓనరు చెప్పని రెండో వైపు కూడా నాకు తెలుసు. ఎగుమతివాళ్లు రేపు యార్డుకి రావడం మానేసి ఊళ్లలోనే సరుకు కొనేసుకుంటే ముందు పస్తులుండేది షావుకారు కాదు, భుజం మీద గోనెపట్టా వేసుకుని తెల్లవారుజామునే వచ్చే హమాలీ. లివర్‌పూల్ రేవులో ఓడ కోసం కాచుకున్న కూలివాడు కూడా అంతే కదా. ఎదురుగా ఓడ కదిలి పక్క ఊరికి పోతుంటే వాడేం పాడాడో, ఎవరిని తిట్టాడో, అది కూడా ఆ కథలో ఉండాలి. మ్యాచ్ అయ్యాక ఆయనతో ఇదే చెప్పాను. "రాసుకుంటా, ఇంకోసారి చెప్పండి" అని పెన్ను తీశాడు.

ఒక తప్పు కూడా చూపించాను. గోడ మీద యునైటెడ్ చిహ్నం గీసి, అందులోని ఓడకి బాణం వేసి, ఇది ఆ కాలువకి గుర్తు అని రాశారు. చాలామంది అలాగే అంటారు, కానీ కాదు. ఆ ఓడ మాంచెస్టర్ నగర చిహ్నం నుంచి వచ్చింది, ఆ చిహ్నం 1842 నాటిది. అప్పటికి కాలువ ఆలోచన ఆడమ్సన్ ఇంటిదాకా కూడా రాలేదు. ఆ ఊరి రెండో జట్టు మాంచెస్టర్ సిటీ చిహ్నంలోనూ ఓడ ఉండేది అందుకే. అంత శ్రద్ధగా చేసిన గోడ మీద ఆ ఒక్క బాణం ఉండకూడదు.

మిగతా గోడంతా బాగుంది. పగ పెరిగిన మెట్లే కాదు, మధ్యలో చేతులు కలిసిన చోట్లు కూడా పెట్టారు. 1915 గుడ్ ఫ్రైడే నాడు రెండు జట్ల ఆటగాళ్లూ కూడబలుక్కుని, పందేలు కాసి, యునైటెడ్ రెండు సున్నాతో గెలిచేట్టు ఆడి ఏడుగురు జీవితకాలం నిషేధం తెచ్చుకున్న సంగతి ఉంది. యునైటెడ్‌ని నిలబెట్టిన మాట్ బస్బీ అంతకుముందు లివర్‌పూల్ ఆటగాడన్న సంగతి ఉంది. 1964 తర్వాత ఒక్క ఆటగాడు కూడా ఈ జట్టు నుంచి ఆ జట్టుకి నేరుగా అమ్ముడుపోలేదన్న సంగతీ ఉంది. పక్కనే చాక్‌పీసుతో లీగ్ టైటిళ్ల లెక్క. 1990లో మాకు 18, వాళ్లకి 7. 2011లో వాళ్లు 19కి చేరి మమ్మల్ని దాటారు. 2025లో ఇద్దరికీ చెరో 20. నాకైతే కాలువ కంటే ఈ లెక్కే ఇప్పటి మంటకి అసలు పుల్ల అనిపిస్తుంది. రేవుల పాత జోరు రెండు చోట్లా పోయింది, మాంచెస్టర్ డాకులు 1982లోనే మూసేశారు. పోటీ పెట్టుకోవడానికి మిగిలింది కప్పులే.

గుమ్మం పక్కన రెండు పలకలున్నాయి. ఒకదాని మీద 1958 ఫిబ్రవరి 6, మ్యూనిక్, 23. రెండోదాని మీద 1989 ఏప్రిల్ 15, హిల్స్‌బరో, 97. కింద ఒకటే వాక్యం: వీళ్ల మీద మాట తూలితే డబ్బులు తిరిగిచ్చి పంపించేస్తాం. బామ్మర్ది చెప్పులు విప్పబోయి ఆగిపోయి వాటి ముందే నిలబడ్డాడు. చెప్పులు విప్పాల్సిన పని లేదు అక్కడ. నేనేం అనలేదు. లోపలికి వచ్చాక వాడే అన్నాడు, "ఆ ఏడు గోల్స్ రోజు ముందే కోచ్‌లిద్దరూ కలిసి ఇవే మాటలు వద్దని చెప్పారంట బావా, నాకు తర్వాత తెలిసింది." నిజమే. అప్పటి మా కోచ్ క్లాప్, వాళ్ల కోచ్ టెన్ హాగ్ ఇద్దరూ కలిసి అడిగారు. నేను ఆ ప్రకటన ఆ రోజు పొద్దున్నే చదివాను. చదివీ ఆ మెసేజ్ పంపాను. ఆ మాట వాడికి మొదటిసారి అక్కడే చెప్పాను.

ఆ నియమం గోడకే పరిమితం కాదు. మ్యాచ్ మొదలైన రెండో నిమిషంలోనే యునైటెడ్ ఆటగాడు ఎంబ్యూమో గోల్ కొట్టేశాడు, మా టీలు ఇంకా చేతికి రాలేదు. కుడి పక్కంతా లేచింది. అరగంట గడిచాక వెనక నుంచి ఒక కుర్రాడు ఆ రెండో పలక గురించి ఏదో అన్నాడు, నవ్వు కూడా వినిపించింది. ఓనరు సౌండు కట్టేశాడు. తెర మీద ఆట జరుగుతూనే ఉంది, హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తిన్నగా వాడి దగ్గరికి వెళ్లి చేతికున్న దారం కత్తిరించి, 250 లెక్కపెట్టి ఇచ్చాడు. వాడి స్నేహితులే వాణ్ణి లేపి పంపారు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఇంకో ఊళ్లో ఇంకోచోట ఇలాంటి మాటకే కుర్చీలు లేవడం చూశాను నేను. అక్కడ నిర్వాహకులు ఫోన్లో వీడియో తీసుకున్నారు.

ఆట గురించి ఎక్కువ రాయలేను, ఇంకా మంటగానే ఉంది. మా గాక్పో మూడుసార్లు గోల్ చట్రానికే కొట్టాడు. 78వ నిమిషంలో చివరికి లోపల పెడితే గొంతు పోయేలా అరిచాను. ఆరు నిమిషాలకి వాళ్ల మగ్వైర్ తలతో గోల్ కొట్టాడు. 2016 తర్వాత ఆన్‌ఫీల్డ్‌లో వాళ్లు గెలవడం ఇదే. బామ్మర్ది ఎగరలేదు, నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి వదిలాడు.

తిండి. పునుగులు బాగున్నాయి, పైన కరకర, లోపల మెత్తన. అల్లం చట్నీ ఇంట్లో చేసినట్టే ఉంది. మిరపకాయ బజ్జీలో వాము సరిగ్గా పడింది కానీ కాయ ముదురు, తొక్క నోటికి పీచులా తగిలింది. లేత కాయ తెప్పించుకోవాలి. టీ మొదటిది బాగుంది, రెండోది సగం ఆటకి కాచి ఉంచిందే పోశారు. తెర పెద్దది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. కాలువ పక్క కిటికీలు తీసి పెడితే దోమలు, మూస్తే ఉక్క. వల కొట్టించాలి. బాత్రూం ఒక్కటే, ఆడవాళ్లకి వేరేగా లేదు. ఆ రోజు ఐదారుగురు అమ్మాయిలు వచ్చారు, వాళ్ల కోసమైనా ఇది ముందు చూడాలి. అయిదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. బాత్రూం, ఆ ఓడ బాణం సరిచేస్తే అయిదోది కూడా ఇస్తాను.

పదకొండున్నరకి బామ్మర్ది నన్ను బస్టాండులో దించాడు. గుంటూరు బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, తర్వాతి మ్యాచ్‌కి డబ్బులు వాడే కట్టేస్తానన్నాడు. మధ్య వరుసలోనే రెండు సీట్లు చెప్పమన్నాను.