ప్రేమ నిండుగా, పెళ్లి సగమే: ఒక ఆడియోబుక్ గురించి

పది రోజులుగా రాత్రిళ్లు విక్టోరియన్, అంటే 19వ శతాబ్దపు విక్టోరియా రాణి కాలం నాటి, ఇంగ్లిష్ ప్రేమకవితల ఆడియోబుక్ ఒకటి వింటున్నాం, నేనూ మా ఆయనా. లైటు తీసేశాక చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకుని. మా పెళ్లయి 26 ఏళ్లు. ఈ కవితలు చెప్పే ప్రేమ, పెళ్లి మాకు కొత్తగా ఏమైనా చెబుతాయా అని కొన్నాను. చెప్పాయి.

అన్నిటికన్నా బాగా వచ్చినవి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ సానెట్లు, అంటే 14 పాదాల కవితలు. మొత్తం 44, అన్నీ ఉన్నాయి. 1850లో అచ్చువేసినప్పుడు పోర్చుగీసు నుంచి అనువదించినవన్నట్టు పేరు పెట్టారు గానీ, అది ఆమె సొంత ప్రేమకథే. మొదటి సానెట్‌లో ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకుని లాగుతారు. నిన్ను పట్టుకున్నది ఎవరో చెప్పుకో అంటే, మృత్యువు అంటుంది. కాదు, ప్రేమ అని జవాబు వస్తుంది. చదివే ఆవిడ ఆ జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగింది. నాకు ఒళ్లు జలదరించింది. ఏళ్ల తరబడి జబ్బుతో గదిలోనే గడిపి, 40 ఏళ్ల వయసులో, 1846లో, తండ్రికి తెలియకుండా కవి రాబర్ట్ బ్రౌనింగ్‌ని పెళ్లాడి ఇటలీ వెళ్లిపోయిన మనిషి మాట అది. తండ్రి ఆమెను క్షమించనే లేదు.

14వ సానెట్ దగ్గర మా ఆయన మళ్లీ పెట్టమన్నారు. నా నవ్వు చూసో, నెమ్మదిగా మాట్లాడతాననో ప్రేమించకు, అవి మారిపోవచ్చు. జాలితో కన్నీళ్లు తుడుస్తూ కూడా ప్రేమించకు, నీ ఓదార్పుతో నేను ఏడవడం మరిచిపోతే నీ ప్రేమా పోతుంది అంటుంది. మూడుసార్లు విన్నాం. నిన్ను ఎలా ప్రేమిస్తున్నానో లెక్కపెట్టనీ అనే, అందరికీ తెలిసిన 43వదాన్ని మాత్రం మరీ తీపిగా చదివారు.

కోవెంట్రీ ప్యాట్మోర్ అనే కవి 1854లో అచ్చువేయడం మొదలుపెట్టిన, భార్యను ఇంటి దేవతగా నిలబెట్టిన పొడవాటి కావ్యంలోంచి చాలా భాగం ఇచ్చారు. భర్తను సంతోషపెట్టడమే ఆమె సంతోషం అంటాడాయన. ఆ కాలపు ఆదర్శం తెలియాలంటే వినాల్సిందే. కానీ ముందుమాటలో చట్టం గురించి ఒక్క ముక్కా లేదు. ఇంగ్లండ్‌లో 1857 చట్టం ప్రకారం అప్పట్లో భర్తకు విడాకులు కావాలంటే భార్య వ్యభిచారం రుజువు చేస్తే సరిపోయేది. భార్యకు భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోయేది కాదు, క్రూరత్వమో, వదిలేసి పోవడమో లాంటిది కూడా రుజువు చేయాల్సి వచ్చేది. పెళ్లయిన స్త్రీ ఆస్తి ఆమె చేతిలోనే ఉండే హక్కు 1882 చట్టంతో గానీ సరిగా రాలేదు. ఇది తెలిసి వింటే ఆ దేవత మాట వేరేలా వినిపిస్తుంది.

నాకు కోపం వచ్చింది జార్జ్ మెరెడిత్ అనే కవి దగ్గర. ఆయన భార్య ఒక చిత్రకారుడితో వెళ్లిపోయింది, 1861లో చనిపోయింది. మరుసటి ఏడాదే ఆయన ఒక పెళ్లి చచ్చిపోవడాన్ని, ఒక్కొక్కటి 16 పాదాలున్న 50 కవితల్లో అచ్చువేశాడు. ఇందులో 12 మాత్రమే పెట్టారు. మొదటిది ఉంది: ఒకే మంచం మీద, చీకట్లో, ఆమె ఏడుపు ఆపుకుంటుంటే, సమాధి మీది శిల్పాల్లా ఇద్దరూ, మధ్యలో కత్తి. తప్పు ఇద్దరిదీ కలిసిపోయింది, ఇందులో దుర్మార్గుడు ఎవరూ అక్కర్లేదు అనే కవిత లేదు. 17వదీ లేదు. అందులో భార్యాభర్తలు అతిథులకి విందు ఇస్తారు, నవ్వుతూ కబుర్లు చెబుతారు, చూసేవాళ్లు అసూయపడతారు. లోపల ఏమీ మిగల్లేదని వాళ్లిద్దరికే తెలుసు. ఇవి తీసేస్తే కథ తెగిపోతుంది. సానెట్లు 44కి 44 ఇచ్చినవాళ్లు వీటికి చోటు లేదనడం నాకు నచ్చలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ 17వదాన్ని నా దగ్గరున్న పుస్తకంలోంచి మా ఆయనకి నేనే చదివి వినిపించాను. తర్వాతి ఎడిషన్‌లో 50 కవితలూ పెడితే మళ్లీ డబ్బిచ్చి కొంటాను.