ఆకుపచ్చా, నలుపా? పాత బొమ్మ రైళ్ల కోసం యార్క్, స్ట్రాస్‌బర్గ్ యాత్ర

పాత బొమ్మ రైళ్లు సేకరించేవారికి పెన్సిల్వేనియాలోని యార్క్ పట్టణం తిరనాళ్ల ఊరు. ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ వారి ఈస్టర్న్ డివిజన్ ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, గురువారం నుంచి శనివారం వరకు అక్కడి ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ఈ సంత జరుపుతుంది. సభ్యత్వం తీసుకుని, ముందుగా పేరు నమోదు చేయించుకుని, గత అక్టోబరులో మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. మా చుట్టుపక్కల ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి గానీ, ఇక్కడికి దగ్గరలోని ఇర్వింగ్టన్‌లోనే ఒకప్పుడు లయొనెల్ సంస్థ బొమ్మ రైళ్లు తయారయ్యేవన్న సంగతి చాలామందికి తెలియదు. జాషువా లయొనెల్ కోవెన్ 1900లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఆ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1945 నుంచి 1969 వరకు చేసిన రైళ్లే నేను సేకరిస్తున్నవి.

ఒకే నంబరు గల బొమ్మలన్నీ ఒకేలా ఉండవు. కర్మాగారంలో అచ్చులు అరిగితే సరిదిద్దేవారు, నిరుటి భాగాలు మిగిలితే పారవేయకుండా ఈ ఏటి పెట్టెలకు బిగించేవారు, రంగు ఒక్కో విడతకు కొంచెం మారేది. అలా పుట్టిన తేడాలనే మేము వేరియేషన్లు అంటాము. వాటిని గుర్తుపట్టాలంటే వస్తువును చేతిలోకి తీసుకోవాలి, తిరగేయాలి, మంచి వెలుతురులో చూడాలి. అందువల్ల ఈ యాత్రలో సంతనైనా, బసనైనా, మ్యూజియంనైనా నేను ఒకే ప్రశ్నతో కొలిచాను: ఇక్కడ తొందర లేకుండా, సరిగా చూడడానికి వీలుందా?

యార్క్‌లోని హాళ్లకు రంగుల పేర్లుంటాయి. ఆరెంజ్ హాల్లో ఎక్కువగా వ్యాపారుల దుకాణాలు, కొత్త సరుకు. నావంటివారికి పని ఉండేది సభ్యులు తమ సొంత బల్లలు పరచుకునే హాళ్లలో. అక్కడ వస్తువును ముట్టుకోనిస్తారు, అడిగితే మరను విప్పి చూపిస్తారు, తమ జీవితకాలపు అనుభవాన్ని పది నిమిషాలలో చెప్పేస్తారు. ఆ ఓపికకు నేను చాలా విలువ ఇస్తాను. లోపమల్లా పైనుంచి పడే దీపాల కాంతి. దాని కింద ముదురు రంగులన్నీ ఒకటిగానే కనిపిస్తాయి.

ఆ లోపం ఎంత పెద్దదో మొదటి రోజే తెలిసింది. ఒక బల్ల మీద 2332 నంబరు జీజీ1 ఇంజను ఉంది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ప్రసిద్ధమైన విద్యుత్ ఇంజనుకు లయొనెల్ 1947 నుంచి 1949 వరకు చేసిన నమూనా అది. జింకు పోతతో చేసిన బరువైన ఒళ్లు, ముక్కు నుంచి ముక్కు దాకా అయిదు బంగారు చారలు. ఇది సాధారణంగా ముదురాకుపచ్చ రంగులో దొరుకుతుంది; 1947 నాటి తయారీలో కొన్ని మాత్రం నల్ల రంగులో వచ్చాయి, వాటి కోసం సేకర్తలు ఏళ్ల తరబడి వెతుకుతారు. అమ్మే పెద్దమనిషి దీనిని నల్లదని నమ్మి, ఆకుపచ్చదాని ధరకు ఎన్నో రెట్లు రాసి పెట్టారు. హాల్లో నాకూ నల్లగానే కనిపించింది. బయటి వెలుతురులో చూడవచ్చునా అని అడిగితే ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా తానే ఎత్తుకుని తలుపు దాకా వచ్చారు. మబ్బు పట్టిన పగటి వెలుగులో ఇంజనును కొద్దిగా వంచేసరికి, చారల పక్కన, గుండ్రంగా తిరిగిన ముక్కు అంచు మీద, చింతాకు ముదిరినప్పటి పచ్చదనం సన్నగా తేలింది. ఇద్దరమూ చాలాసేపు దానిని తిప్పి తిప్పి చూశాము. ఆయన లోపలికి వెళ్లి ధర చీటీ మార్చారు. నిజాయితీ అంటే అదీ. ఆ ఇంజనునే నేను ఆకుపచ్చ ధరకు కొన్నాను.

ఆ రాత్రి యార్క్‌లో దిగిన హోటలు గురించి మంచి చెప్పలేను. సంత వారమని అద్దె బాగా పెంచారు, ముందుగా రాయించుకున్న గది ఇతరులకు ఇచ్చేసి పొగ వాసన కొట్టే గది మాకు ఇచ్చారు. అక్కడ రాసుకునే బల్ల లేదు, ఉన్న ఒక్క దీపమూ మంచం పక్కన మినుకుమినుకుమంటూ ఉంది. పగలు కొన్న మరో వస్తువును అక్కడ పరీక్షించడం సాధ్యం కాలేదు.

ఆ వస్తువు లయొనెల్ వారి 6464-1, వెస్టర్న్ పసిఫిక్ అనే రైలు సంస్థ పేరున్న గూడ్సు పెట్టె. 1953లో మొదలైన 6464 వరుసలోని తొలి నాలుగింటిలో ఇది ఒకటి. వెండి రంగు మీద నీలి అక్షరాలు. ఎర్ర అక్షరాలున్నది అరుదైనది, అందుకే దానికి నకిలీలూ ఉన్నాయి. నేను కొన్నది మామూలు నీలిదే. మరునాడు ఉదయం కారు బానెట్ మీద పెట్టి చూస్తుండగా మా అబ్బాయి, "నాన్నా, ఈ రెండు తలుపులూ ఒకటి కావు" అన్నాడు. ఒకవైపు తలుపు ఒకే పెద్ద పలకలా ఉంది, రెండోవైపు తలుపులో చిన్న చిన్న పలకలున్నాయి. మొదటి రకం 1953, 54లది, రెండవది 1955 నుంచి వచ్చినది. కర్మాగారంలోనే ఇలా కలిసిందేమోనని ఒక్క క్షణం మనసు ఆశపడింది. తిరగేసి చూస్తే చక్రాల చట్రాలు ప్లాస్టిక్‌వి. 1953 పెట్టెకు లోహపు చట్రాలుండాలి. ఈ ప్లాస్టిక్ రకం 1957లో గానీ రాలేదు. అంటే మూడు కాలాల భాగాలను ఎవరో ఇంట్లో కూర్చిన పెట్టె ఇది. తలుపులనూ చట్రాలనూ మార్చడం సులువు కనుక, వాటిని మాత్రమే చూసి వేరియేషన్ అని నిర్ణయించకూడదు. ఒంటి మీది రివెట్ల నిలువు వరుసలు ఎక్కడ తెగాయో, పైకప్పు లోపలివైపు గీతలున్నాయో లేదో, రంగు కింద ఉన్న ప్లాస్టిక్ ఏ రంగుదో, ఇవీ అసలు సాక్ష్యాలు. ఇవి అచ్చులో పుట్టినవి, ఇంట్లో మార్చలేనివి.

పెట్టెను తిరిగి తీసుకువెళితే అమ్మినాయన మారుమాట లేకుండా డబ్బు ఇచ్చేశారు. పక్క బల్ల దగ్గర ఉన్న పెద్దాయన తన అతినీలలోహిత దీపాన్ని మా అబ్బాయి చేతికిచ్చి, తరువాతి కాలంలో పూసిన రంగు ఆ వెలుగులో తరచుగా వేరుగా మెరుస్తుందని చూపించారు. సంతలో కొన్నదానికంటే ఈ పాఠమే మావాడికి ఎక్కువ నచ్చింది. ఊరు వదిలే ముందు మేమొక చిన్న బల్లదీపం కొన్నాము.

యార్క్ నుంచి లాంకాస్టర్ మీదుగా స్ట్రాస్‌బర్గ్ ఒక గంట లోపే. అది శుక్రవారం కావడంతో లాంకాస్టర్ సెంట్రల్ మార్కెట్ తెరిచి ఉంది. మంగళ, శుక్ర, శనివారాల్లో మాత్రమే ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర ఉన్నా, అక్కడి షూఫ్లై పై రుచి చూడకుండా రాకూడదు. చెరకు పాకంతో చేసే ఆ వంటకం మన బెల్లపు పిండివంటలకు దూరపు చుట్టంలా ఉంటుంది.

స్ట్రాస్‌బర్గ్‌లో దిగినది రెడ్ కబూస్ మోటెల్‌లో. గూడ్సు రైలు చివర ఉండే గార్డు పెట్టెలనే గదులుగా మార్చారు. 1970 నుంచి నడుస్తోంది. గార్డు పెట్టె కనుక వెడల్పు తక్కువే, పెద్ద సామాను తెచ్చుకునేవారికి ఇబ్బంది. అయినా మా పనికి అంతకంటే మంచి బస లేదు. పొలాల నడుమ నిశ్శబ్దం, రోడ్డు మీద పాతకాలపు పద్ధతిలోనే బతికే ఆమిష్ క్రైస్తవుల గుర్రపు బళ్ల చప్పుడు, పక్కన స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ ఆవిరి ఇంజను కూత. రాత్రి కొత్త దీపం పెట్టుకుని ఇంజనును మళ్లీ పరీక్షించాము. దగ్గరి దీపానికి పచ్చదనం తలుపు దగ్గర కనిపించినంతగా కనిపించలేదు. పగటి వెలుగుకు బదులు లేదు.

నేషనల్ టాయ్ ట్రెయిన్ మ్యూజియం అక్కడికి నడిచి వెళ్లగల దూరం. అసోసియేషన్ వారిదే, మీటలు నొక్కితే తిరిగే రైలు నమూనాలను చూసి పిల్లలు కదలరు. వస్తువులు అద్దాల వెనుక ఉంటాయి, తిరగేసి చూడలేము. కానీ సరైనది ఎలా ఉండాలో ఇక్కడ కంటికి అలవాటవుతుంది. ఆ పని యార్క్‌కు ముందు చేసి ఉంటే 6464 తలుపులను నేను సంతలోనే పట్టుకునేవాడిని.

స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌కు 1832లో అనుమతి లభించింది. ఆ రైలులో ప్యారడైజ్ అనే ఊరి దాకా వెళ్లి తిరిగి రావడానికి ముప్పావు గంట. పిల్లలుంటే తప్పక ఎక్కండి. నాకు మాత్రం దానికి ఎదురుగా ఉన్న రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియా ఈ యాత్ర మొత్తానికి శిఖరం. అక్కడ అసలు జీజీ1, నంబరు 4935, నిలబడి ఉంది. రైలువారు బ్రన్స్‌విక్ గ్రీన్ అని పిలిచిన ఆ రంగు, పక్క నుంచి చూస్తే నలుపే, ఎదురుగా వెలుతురు పడిన చోట పచ్చదనం. బొమ్మను చేసినవారు ఎంత నమ్మకంగా చేశారో అప్పుడు అర్థమైంది.

అదే మ్యూజియంలో 4800 కూడా ఉంది: 1934లో తయారైన మొదటి జీజీ1, రివెట్లతో కుట్టినట్టున్న ఒళ్లు. రూపకర్త రేమండ్ లోయీ సూచన మీద తరువాతివాటి ఒంటిని రివెట్లు లేకుండా వెల్డింగుతో నున్నగా చేశారు. 1943 వరకు వచ్చిన 139 ఇంజన్లలో ఈ ఒక్కటే ఇలాంటిది. మా అబ్బాయి ఆ రివెట్ల వరుసల వెంబడి ఇంజను పొడవునా నడిచి, "నాన్నా, ఇది కూడా వేరియేషనేగా" అన్నాడు. అవును, నిజం రైలులో అసలైన కర్మాగారపు తేడా అదే.

వచ్చే ఏప్రిల్‌లో వరుస మార్చుకుంటున్నాము: ముందు స్ట్రాస్‌బర్గ్‌లో రెండు రాత్రులు, రెండు మ్యూజియంలు, ఆ తరువాతే యార్క్. గార్డు పెట్టె కోసం ఇప్పుడే అడిగాను, కిటికీలోంచి పొద్దుటి ఎండ బల్ల మీద పడే గది కావాలని.