మెదడు గడ్డ: మైక్రోస్కోప్ రిపోర్టు చాలా, జీన్ టెస్టు కూడా కావాలా?

తిరుపతిలో ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు బయాప్సీ రిపోర్టు వస్తుంది. కింద ‘జన్యు పరీక్ష చేయించగలరు’ అని ఉంటే ఇంట్లో మళ్లీ టెన్షన్. గడ్డ అని తేలిపోయింది కదా, ఇంకా ఈ ఖర్చెందుకు? న్యాయమైన ప్రశ్నే.

మైక్రోస్కోప్‌ను తీసిపారేసే పరీక్ష ఇంకా పుట్టలేదు. రోగి టేబుల్ మీద ఉండగానే ఫ్రోజెన్ సెక్షన్ (అప్పటికప్పుడు గడ్డకట్టించి కోసిన పలుచటి పొర) చూసి ఇది కణితా, క్షయ గడ్డా అని చాలావరకు చెప్పేస్తారు. మన దగ్గర మెదడులో క్షయ గడ్డలు అరుదేమీ కాదు. ఆ తేడా తేలకుండా జీన్ల జోలికి వెళ్లడం దండగ.

చిక్కంతా గ్లయోమాల (మెదడులో నరాల కణాలకు అండగా ఉండే కణాల తరహా గడ్డలు) దగ్గరే. వాటిలో ఒక రకమైన ఆలిగోడెండ్రోగ్లయోమాలో కణాలు హాఫ్‌బాయిల్ గుడ్డులా, మధ్యలో గుండ్రటి కేంద్రకం, చుట్టూ తెల్లటి ఖాళీతో కనిపిస్తాయి. కానీ ఆ ఖాళీ ఫార్మలిన్‌లో వేసి మైనంలో పెట్టేటప్పుడు ఏర్పడేదే. మరో రకమైన ఆస్ట్రోసైటోమాలూ కొన్ని అలాగే కనిపిస్తాయి. ఒకప్పుడు ఎటూ తేలకపోతే ‘ఆలిగోఆస్ట్రోసైటోమా’ అని రాసేవారు. 2016లో డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ ఆ దారి దాదాపు మూసేసింది. ఇప్పుడు ఐడీహెచ్ అనే జీన్‌లో మ్యుటేషన్ (మార్పు) ఉండి, 1పి, 19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు రెండూ పోయి ఉంటేనే ఆలిగో. దానికి కీమో బాగా పనిచేస్తుంది, ఆయుష్షూ ఎక్కువ. అందుకే పేరు కచ్చితంగా తేలాలి.

ఇంకా భయపెట్టేది మరొకటి. స్లైడ్ మీద నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 2లా ఉంటుంది. పెద్దవాళ్లలో ఐడీహెచ్ మార్పు లేకుండా టెర్ట్ అనే జీన్‌లో మ్యుటేషన్ గానీ, ఈజీఎఫ్ఆర్ అనే జీన్ కాపీల పెరుగుదల గానీ ఉంటే 2021 వర్గీకరణ ప్రకారం అది గ్లయోబ్లాస్టోమా, అంటే అతి దూకుడుగా పెరిగే గ్రేడ్ 4. దీనికి తిరగబడ్డ కేసు ప్లియోమార్ఫిక్ జాంతోఆస్ట్రోసైటోమా: కణాలు వికారంగా, భారీగా ఉంటాయి, గ్రేడ్ మాత్రం 2 లేదా 3. ఇలాంటి అరుదైన రకాల్లో కన్నొక్కటే నమ్ముకోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఖర్చు మాట వస్తే, నేనైతే ముందు ఐహెచ్‌సీకే (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) ఓటేస్తాను. బయాప్సీ ముక్కను మైనంలో దాచిన అదే బ్లాక్ నుంచి పొర కోసి, ఫలానా ప్రొటీన్ ఉందో లేదో చూపే రంగు వేస్తారు. ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు 90 శాతం ఆర్132హెచ్ అనే రకాన్ని పట్టే ఒక్క రంగుతోనే దొరుకుతాయి. అది పాజిటివ్ అయి, ఏటీఆర్ఎక్స్ అనే ప్రొటీన్ పోయి ఉంటే ఆస్ట్రోసైటోమా అన్నట్టే, 1పి/19క్యూ టెస్టు డబ్బు మిగులుతుంది. పిల్లల్లో బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) గడ్డలకు హెచ్3 కె27ఎం అనే మార్పును చూపే రంగు కూడా అడగండి. ఆర్132హెచ్ రంగు నెగటివ్ వచ్చి, రోగికి 55 ఏళ్లు దాటకపోతే మాత్రం సీక్వెన్సింగ్ (జీన్‌ను అక్షరం అక్షరం చదివే పరీక్ష) మానకండి. అప్పటికీ పేరు తేలకపోతేనే మిథైలేషన్ పరీక్ష (డీఎన్ఏ మీది రసాయన గుర్తులను చూసేది).

వేలూరుకో హైదరాబాదుకో వెళ్లేవాళ్లు రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. ల్యాబ్‌లో అడిగి స్లైడ్‌లతో పాటు మైనం బ్లాక్ కూడా తీసుకోండి, దాని మీది నంబరు రిపోర్టు నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. మన మే నెల ఎండలో దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి, కరిగిపోతుంది.