అమలాపురంలో తడిసిన తోలు సీటు, రాజోలులో దొరికిన మనిషి

సైకిల్ మీద కోనసీమ వెళ్లేవాళ్లు లాడ్జిలో డబ్బులు కట్టకముందే ఒక్క మాట అడగండి: సైకిల్‌ని గదిలోకి తీసుకెళ్లనిస్తారా? మేం అడగలేదు. అమలాపురంలో గదికి 900 తీసుకున్నాక మేనేజరు "సైకిళ్లు కిందేనండి, షెడ్డుంది, కాపలాకి 100" అన్నాడు. రాత్రి కుండపోత. పొద్దున దిగి చూస్తే షెడ్డులో బైకులున్నాయి, మా సైకిళ్లు బయట వానలో నానుతున్నాయి.

నా సైకిల్‌కి ఉన్నది బ్రూక్స్ బీ17 అనే తోలు సీటు. లోపల స్పాంజి ఉండదు, చట్రానికి ముందూ వెనకా లాగి బిగించిన దళసరి తోలు, అంతే. వందల కిలోమీటర్లు తొక్కాక మన ఎముకలకి తగ్గట్టు ఒంపు తిరుగుతుంది. తడిసినప్పుడు ఎక్కితే మాత్రం సాగి కుంగిపోతుంది. ఎండలో పెడితే బిరుసెక్కుతుంది. సీటు ఊడదీసి, గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆ సగం రోజుకి ఇంకో 450 వేశాడు. కాపలా 100 తిరిగివ్వమంటే మొహం తిప్పుకున్నాడు. నా బామ్మర్ది "బస్సెక్కేద్దాం బావా" అని మంచానికి అడ్డం పడ్డాడు.

అంతకుముందు రోజు ఎంత బాగా గడిచిందో! రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక, ఆత్రేయపురం, అంతా కాలువ గట్టు. రావులపాలెం దగ్గర అరచేతులు తిమ్మిరెక్కాయి. నొప్పి తగ్గుతుందని ఇంటి దగ్గరే సీటు ముక్కు, అంటే ముందు కొస, కిందకి వంచాను, అదే పొరపాటు. ముక్కు వాలితే ఒళ్లు ముందుకి జారుతుంది, బరువంతా చేతుల మీద పడుతుంది. కొత్తపేటలో చెట్టు కింద ఆగి, అలెన్ కీతో ముక్కుని రవ్వంత పైకి లేపాను. తోలు సీటు మధ్యలో ఉయ్యాలలా దిగుతుంది కాబట్టి ముక్కు కాస్త ఎత్తుగానే ఉండాలి. పది నిమిషాల్లో చేతులు తేలికపడ్డాయి. ఎత్తు, ముక్కు వంపు ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు.

సీటు ఆరిందనుకుని మధ్యాహ్నం అమలాపురం నుంచి బయల్దేరాం. అంచుల్లో ఇంకా చెమ్మ ఉందేమో, రాజోలు చేరేసరికి సీటు నడుమ గుంటపడింది. ముక్కు కింద ఉండే, తోలుని లాగి బిగించే నట్టుకి మామూలు స్పానర్ దూరదు, దానితో వచ్చిన స్పానరేమో ఇంట్లో ఉండిపోయింది. రోడ్డు పక్క సైకిల్ షాపు పెద్దాయన ఒక సన్నని స్పానర్ వెతికి తెచ్చి పావు తిప్పు తిప్పాడు. బొటనవేలితో తోలు నొక్కి చూశాడు. ఇంకొంచెం బిగించమన్నాను.

"వద్దు బాబూ, ఇప్పుడే లాగితే తోలు చిరిగిపోద్ది. బాగా ఆరాక చూసుకోండి."

50 ఇస్తే 30 తిరిగిచ్చాడు.

సీటుకి ప్లాస్టిక్ కవరు, ఆ స్పానరు సంచిలో ఉండి తీరాలి. మర్నాడు అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. నరసాపురం ఒడ్డు దగ్గరపడుతుండగా బామ్మర్ది నా సీటు మీద చెయ్యేసి "ఇదెంతకి కొన్నావు బావా?" అన్నాడు.