బోటుకి ఆన్‌లైన్‌లో షాకిల్స్ కొంటున్నారా? ‘316 మెరైన్ గ్రేడ్’ అన్న మాటొక్కటే నమ్మి కొనకండి

సెయిలింగ్ చేసే తెలుగువాళ్లకి, ముఖ్యంగా ఉప్పునీళ్లలో బోటు నడిపేవాళ్లకి ఈ హెచ్చరిక. షాకిల్ అంటే తాళ్లని, వైర్లని బోటుకి తగిలించే, అడ్డంగా పిన్ ఉండే లోహపు కొక్కెం. ‘316 మెరైన్ గ్రేడ్ (ఉప్పునీటికి తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు రకం), 2 టన్నులు’ అని రాసి ఉంటే ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర D అక్షరం ఆకారంలో ఉండే డి షాకిల్స్ తెప్పించి, చెన్నై హార్బర్‌లో మేం నడిపే డింగీకి (చిన్న తెరచాప పడవకి) బిగించాం. కొద్ది నెలలకే వాటి మీద గోధుమరంగు మరకలు, సూదితో పొడిచినట్టు గుంటలు కనిపించాయి. మార్చేద్దాం అనుకునేలోపే, గాలి గట్టిగా ఉన్న రోజున ఫోర్‌స్టే (మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, ముందువైపు నుంచి లాగి నిలబెట్టే వైరు) దగ్గర షాకిల్ నోరు తెరుచుకుని పిన్ ఎగిరిపోయింది. ముందు తెరచాప జిబ్ ఎత్తి ఉండబట్టి దాని అంచులోని వైరు మాస్ట్‌ని ఆపింది. లేకపోతే ఆ మాస్ట్ వెనక కూర్చున్న మా అబ్బాయి మీద పడేది.

అమ్మకందారుకి ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: “మాగ్నెట్ పెట్టి చూడండి సార్, అంటుకోదు. 316 అనడానికి అదే రుజువు.” ఈ మాటకే చాలామంది మోసపోతారు. మామూలు స్టెయిన్‌లెస్ రకమైన 304 స్టీలుకి కూడా మాగ్నెట్ దాదాపు అంటుకోదు. పైగా వంచి, సాగదీసి తయారుచేసినప్పుడు అసలైన 316 కూడా కొంచెం అంటుకోవచ్చు. రెండింటికీ తేడా మాలిబ్డినం. 316లో అది 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పుకి గుంటలు పడకుండా తట్టుకునేది దానివల్లే. దాన్ని పట్టించే చుక్కల మందు కిట్లు దొరుకుతాయి. కొనేముందే మెటీరియల్ సర్టిఫికెట్ అడగండి, ఇవ్వనంటే వదిలేయండి.

ఇక ఆ ‘2 టన్నులు’ సంగతి. గట్టిగా అడిగితే, అది తెగిపోయే లోడ్ అని ఒప్పుకున్నాడు. మనకి కావాల్సింది వర్కింగ్ లోడ్, అంటే వాడకంలో భద్రంగా మోయగల భారం. అది తెగే లోడ్‌లో నాలుగో వంతో, ఐదో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. పేరున్న కంపెనీలు రెండు అంకెలూ విడివిడిగా ఇస్తాయి. మాకొచ్చిన షాకిల్స్ మీద ఏ గుర్తూ లేదు. విరిగినచోట లోపల చిన్న బుడగలు కనిపించాయి, అంటే పోతపోసినవి. భారం పడేచోట ఫోర్జ్ చేసినవే (లోహాన్ని కాల్చి, కొట్టి రూపం ఇచ్చినవి) తీసుకోండి, ఖరీదెక్కువైనా సరే.

‘ఏ షేపైనా ఒకటే’ అన్నాడు, అదీ తప్పే. డి షాకిల్ తిన్నని లాగుడుకి మాత్రమే. రెండు మూడు తాళ్లు కలిసేచోట, లాగుడు దిశ మారేచోట గుండ్రంగా, వెడల్పుగా ఉండే బో షాకిల్ వాడాలి. అడ్డంగా, 90 డిగ్రీల్లో లాగితే బో షాకిల్ బలం కూడా సగానికి పడిపోతుంది. తెరచాపని పైకి లాగే తాడు హాలియార్డ్‌కి, పిన్ ఊడి నీళ్లలో పడని క్యాప్టివ్ రకం మంచిది. పిన్ పోతే హార్డ్‌వేర్ షాపు బోల్టు పెట్టకండి. బిగించాక సన్నని స్టెయిన్‌లెస్ వైరుతో పిన్ కన్నాన్ని షాకిల్‌కి కట్టేయండి. తెరచాప కొట్టుకునే అదురుకి మర మెల్లగా వదులవుతుంది.

డబ్బు వాపసు రాలేదు, రిటర్న్ గడువు దాటిపోయిందట. అదే ఫోటో ఇప్పుడు ఇంకో పేరుతో కనిపిస్తోంది. కింద చిన్న అక్షరాల్లో ‘బ్రేస్‌లెట్లకి, కీచైన్లకి కూడా పనికొస్తుంది’ అని ఉంది. ఇలాంటివి మీ బోటు మీద ఇప్పటికే ఉంటే, మిగతావాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఫోర్‌స్టే, షరౌడ్‌ల (మాస్ట్‌ని పక్కల నుంచి నిలబెట్టే వైర్ల) దగ్గరవి మాత్రం బోటు నీళ్లలోకి దించకముందే తీసేయండి.