సివిలైజేషన్ 6: నా స్పై ఇప్పుడు కాపలాదారు

ఒక నాగరికతను మొదటి నుంచి పెంచుకుంటూ వెళ్లే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6 విడుదలైంది 2016 అక్టోబరులో. నేను రెండేళ్లు ఆలస్యంగా కొన్నాను, అప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాను. యుద్ధాల గురించి చాలామందే రాశారు కాబట్టి స్పైలు, ట్రేడ్ రూట్ల సంగతే చెబుతాను.

మొదట్లో నాకు స్పైల పిచ్చి. మిగతావన్నీ పక్కన పెట్టి, ఆటలో సంస్కృతితో సాధించే డిప్లొమాటిక్ సర్వీస్ అనే ముందడుగు కోసం పరుగెత్తేవాణ్ని, మొదటి స్పై దాంతోనే వస్తాడు మరి. పొరుగువాడి కమర్షియల్ హబ్‌లో (ఊరి వాణిజ్య పేట) డబ్బు కాజేయడం, థియేటర్ స్క్వేర్ (కళల పేట) నుంచి పెయింటింగ్ ఎత్తుకురావడం వినడానికి మజాగా ఉంటాయి. కానీ స్పై ముందు ఆ ఊరు చేరాలి, ఆపైన పనికి మామూలు వేగంలో 8 టర్నులు (వంతులు), చివరికి అంతా అదృష్టం. పసిగడితే ఎలా పారిపోవాలో ఆట మనల్నే అడుగుతుంది: కాలినడకనా, కారులోనా, పడవలోనా? అక్కడ మాత్రం ఇప్పటికీ టెన్షనే. ఒక ఆటలో ముగ్గురిని పోగొట్టుకున్నాను. పట్టుబడిన ఒకణ్ని విడిపించుకోవడానికి కట్టిన బంగారం వాడు అంతకుముందు తెచ్చినదానికన్నా ఎక్కువ.

ట్రేడ్ రూటులో సరుకులు మోసే ట్రేడర్‌తో ఈ గోల లేదు. ఫారిన్ ట్రేడ్ అనే ముందడుగుతో మొదటి రూటు ఆట మొదట్లోనే వచ్చేస్తుంది. సొంత ఊళ్ల మధ్య తిప్పితే తిండి, ఉత్పత్తి. పరాయి ఊరికి పంపితే బంగారం. పైగా వాడు నడిచిన దారంతా రోడ్డు పడుతుంది. కొత్తగా కట్టిన ఊరి నుంచి రాజధానికి ఒక రూటు పెట్టి చూడండి, ఆ ఊరు ఎదగడం కళ్లముందే తెలుస్తుంది. అయితే దారిలో అనాగరికులు దోచుకోవచ్చు, యుద్ధమొస్తే ఆ దేశంతో రూట్లు తెగిపోతాయి.

నాకు చాలా ఆలస్యంగా వెలిగింది ఒకటుంది. ట్రేడ్ రూటు కూడా వేగుల పనే చేస్తుంది! ఒక దేశానికి రూటు పంపితే దాని గురించి మనకు తెలిసేది ఒక మెట్టు పెరుగుతుంది. మన గురించి వాళ్లకు తెలిసినదానికన్నా మనకు ఎక్కువ తెలిస్తే, ఒక్కో మెట్టు తేడాకు మన సైన్యానికి పోరులో 3 పాయింట్లు అదనం. 2018లో రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు ప్యాక్‌తో వచ్చిన మంగోలులకైతే అది 6. వాళ్లు రూటు పంపగానే అవతలి ఊళ్లో ట్రేడింగ్ పోస్టు పడుతుంది, దానికి ఇంకో మెట్టు. చెంఘిజ్ ఖాన్‌తో ఆడినప్పుడు ముందు సరుకులు పంపి, తర్వాత గుర్రాలు పంపాను. ఎదుటివాడు నిలబడలేదు.

ఇప్పుడు నా మొదటి స్పై గడప దాటడు, సొంత కమర్షియల్ హబ్‌కు కాపలా. ఆట చివర్లో ఎవరైనా గెలుపు కోసం అంతరిక్షం వైపు దూసుకెళ్తుంటే వాళ్ల స్పేస్‌పోర్ట్‌ను చెడగొట్టడానికి ఒకణ్ని పంపుతాను, ఆ పని మరే ట్రేడరూ చేయలేడు.

నాకు విసుగు పుట్టించేది ఒక్కటే. గడువు తీరిన ప్రతి రూటునూ మళ్లీ మనమే పంపాలి. రూట్లు పది దాటాక అది గుమాస్తా పని. అలాంటప్పుడు విసుగు తీరడానికి పెయింటింగ్ కోసం ఒక స్పైని వదులుతుంటాను. మొన్నటివాణ్ని పసిగట్టారు, పడవ ఎంచుకున్నాను, దొరికిపోయాడు.