పెల్లాడియం రేకు: ల్యాబ్‌కి కొనదగ్గదే

లోహం హైడ్రోజన్‌ని ఎలా పీల్చుకుంటుందో మా డిగ్రీ పిల్లలకు చూపించాలని 0.025 మిల్లీమీటర్ల మందం ఉన్న ఈ రేకు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర బాగా ఎక్కువే, కానీ నాణ్యత గొప్పగా ఉంది.

ఒకవైపు గోళ్ళరంగు పూసి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాథోడ్‌గా (ఋణధ్రువంగా) పెట్టి, తక్కువ కరెంటు ఇచ్చాం. మొదట్లో రేకు మీద బుడగలే లేవు, హైడ్రోజన్ అంతా లోహంలోకే పోతోంది! కాసేపటికి రంగు పూయని వైపు ఉబ్బి, రేకు రంగు పూసిన వైపుకు వంగింది. కరెంటు దిశ మార్చగానే మెల్లగా తిన్నబడింది. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. పెల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ని ఇముడ్చుకుంటుందని రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1866లోనే చూశాడు.

ఈ గుణం ఆధారంగానే 1989లో అమెరికాలోని యూటాలో ఫ్లీష్‌మన్, పాన్స్ అనే శాస్త్రవేత్తలు భారజలంతో (బరువైన హైడ్రోజన్ ఉన్న నీటితో) కోల్డ్ ఫ్యూజన్, అంటే మామూలు ఉష్ణోగ్రతలోనే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం, సాధించామన్నారు. మన ముంబయి ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలోనూ ప్రయోగాలు జరిగాయి. కానీ ఆ మాట నిలబడలేదు. గూగుల్ నిధులతో మళ్ళీ పరీక్షించినవాళ్ళకీ ఆధారం దొరకలేదని 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. అందుకని కరెంటు పుట్టిద్దామని మాత్రం దీన్ని కొనకండి.

ప్యాకింగ్ అస్సలు బాగోలేదు, మామూలు కవర్లో పంపితే ఓ మూల నలిగింది. స్వచ్ఛత సర్టిఫికెట్ కూడా ఫోన్ చేసి అడిగాకే పంపారు. నాలుగు స్టార్లు.